రెండు యాంప్‌ల మధ్య మంచం

మంచం హాల్లోనే ఉండాలన్నది మా అక్క పట్టుదల. ఆస్పత్రి నుంచి బావని తీసుకొచ్చిన రోజు, నేనూ పక్కింటాయనా మంచం చెరో వైపు పట్టుకుని లోపలి గదిలోకి దూరబోతుంటే, తలుపుకి అడ్డంగా నిలబడింది. "లోపల వేస్తే రోగి అయిపోతారు. హాల్లో ఉంటే ఇంట్లో మనిషిలా ఉంటారు. లేచి తిరిగేదాకా ఇక్కడే," అంది. మా అక్క ఒక మాట అందంటే ఇక దానికి తిరుగులేదు. సోఫా వరండాలోకి పోయింది, టీవీ అలమార మీదికెక్కింది, హాలు నట్టనడుమ మంచం వచ్చి కూర్చుంది. వంటింట్లోకి వెళ్ళాలంటే దాని చుట్టూ తిరిగి, ప్రతిసారీ మోకాలు కొట్టుకుని, ఒక బూతు మింగుకుని వెళ్ళాల్సిందే.

బావకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాలు కాస్త కదులుతోంది. మూతి కాస్త వంకర, మాట కాస్త ముద్ద. అవన్నీ సర్దుకుంటాయన్నారు డాక్టరు గారు. ఎడమ చెయ్యి సంగతి అడిగితే మాత్రం ఆయన గోడ మీది గడియారం చూసి, "చూద్దాం," అన్నారు. ఇంకెవరికైనా అయితే పోనీలే కుడి చెయ్యి ఉందిగా అనుకోవచ్చు. గిటారు వాయించేవాడికి అలా కాదు. కుడిచెయ్యి తీగని మీటుతుంది, అంతే. ఏ స్వరం పలకాలో చెప్పేవి ఎడమ చేతి వేళ్ళు. అవి పోతే మిగిలేది మోత.

నేనూ బావా ఒక పెద్ద హోటల్లో రోజూ సాయంత్రం గిటార్లు వాయిస్తాం. వాయించేవాళ్ళం అనాలి కాబోలు, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు. భోజనాల హాల్లో ఒక మూల చెక్క అరుగు, దాని మీద రెండు కుర్చీలు, కుర్చీల వెనక చెరొక యాంప్, గిటారు శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె. పాట బావది. దాని కింద పరిచే పరుపు నాది. తినేవాళ్ళు తింటుంటారు, మేం వాయిస్తుంటాం, ఒకరి జోలికి ఒకరం పోం. ఎప్పుడైనా ఎవరైనా చప్పట్లు కొడితే, అది మాకా, పుట్టినరోజు కేకుకా అని వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళం.

బావ పడిపోయిన తర్వాత నేనొక్కణ్ణీ వెళ్ళి వాయిస్తే మేనేజరు మొహం చిట్లించాడు. "పలచగా ఉంది మాస్టారూ. ఇంకో మనిషిని చూస్తాను, మీ బావగారి చోట్లో కూర్చోబెడదాం," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. బావ కుర్చీలో ఇంకొకడా? ఆ కుర్చీ కాలు కుంటిదైతే దాని కింద అట్టముక్క మడిచి పెట్టింది బావ. అక్కడ ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి కూర్చుంటే, రేపు బావ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వస్తే, ఏ మొహం పెట్టుకుని లేవమంటాను వాణ్ణి? ఒకసారి నిండిన చోటు మళ్ళీ ఖాళీ కాదని నాకు తెలుసు. అందుకే నోటికొచ్చింది అనేశాను. "మనిషి అక్కర్లేదండీ. నా ఒక్క గిటారుతోనే రెండు గిటార్ల శబ్దం తెప్పిస్తాను. మా బావ వచ్చేదాకా ఆ కుర్చీ అలాగే ఖాళీగా ఉంచండి, చాలు."

"నిండుగా వినిపిస్తే చాలు మాస్టారూ. ఎవరైతే నాకేంటి?" అన్నాడు మేనేజరు.

నేను సంబరపడిపోయాను. నా తెలివి అంతే.

ఒక పెడల్ తెచ్చాను. కాలితో నొక్కే చిన్న డబ్బా. గిటారు వైరు అందులోకి వెళ్తుంది, అవతలి వైపు రెండు వైర్లు బయటికొస్తాయి. ఒకదాన్లో గిటారు శబ్దం ఉన్నది ఉన్నట్టుగా, రెండోదాన్లో అదే శబ్దం రవ్వంత వెనకబడి, రవ్వంత వణుకుతూ. ఆ రెంటినీ రెండు యాంప్‌లకి పెట్టి, యాంప్‌లని ఎడంగా ఉంచితే, ఇద్దరు పక్కపక్కన కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుందని దుకాణంలో చెప్పారు. ఒకటి నా యాంప్. రెండోది బావది. మేనేజర్ని వారం గడువడిగి, హోటల్ నుంచి రెండూ ఆటోలో వేసుకుని అక్కావాళ్ళింటికి తెచ్చాను.

పెట్టడానికి చోటేదీ? హాలంతా మంచమే. చివరికి మంచానికి ఎడమ వైపు నాది, కుడి వైపు బావది పెట్టాను. బావ తలగడ సరిగ్గా రెంటికీ మధ్యన వచ్చింది.

"ఇది ఇల్లా, హోటలా?" అంది అక్క, గరిటె పట్టుకుని వచ్చి. "మనిషి పడుకునే చోట ఈ కరెంటు కంపేంట్రా?"

"ఉండనీవే," అన్నాడు బావ. ఆస్పత్రి నుంచి వచ్చాక తనంతట తాను నోరు విప్పడం అదే మొదలు. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు లోపల ఎంత ఆనందమైందో చెప్పలేను.

ఆ వారమంతా బావ మంచం మీదినుంచే మేస్త్రీగిరీ చేశాడు. రెండు యాంప్‌లూ ఆన్ చెయ్యగానే తేనెతుట్టె కదిలినట్టు గుయ్యిమని ఒకటే రొద. నేను ఒక దాని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేద్దామని స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

"ఒరేయ్ బామ్మర్దీ! దాన్ని పీకావంటే ఇనప తీగల మీద చెయ్యేసినప్పుడు షాకేంటో తెలుస్తుంది. మీ అక్క ఒక్కసారే ఎంతమందికని చాకిరీ చేస్తుంది?" అన్నాడు.

"మరి ఈ రొదతో ఎలా చావమంటావు?"

"అదొక గోడా ఇదొక గోడా ఎందుకు? రెండూ ఒకే బోర్డుకి పెట్టి చూడు."

పెట్టాను. రొద ఆగిపోయింది. బావ వంకర మూతితోనే నవ్వాడు. "అక్కని ఇచ్చారు గానీ బుర్ర ఇవ్వలేదు మీవాళ్ళు," అన్నాడు. వంటింట్లోంచి అక్క, "ఏంటీ?" అంది. ఇద్దరం నోరు మూసుకున్నాం. అచ్చం పాత రోజుల్లా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అసలు పరీక్ష. "ముందు ఆ వణుకూ గిణుకూ ఆపి రెంటికీ ఒకే శబ్దం పంపించు. రెండూ సమానంగా ఉన్నాయో లేదో నేను చెప్తాను," అన్నాడు బావ. చెవి విషయంలో మా బావ మహారాజు. పక్క వీధిలో తీగ ఒక పిసరు జారినా ఇక్కడ మొహం చిట్లించే రకం.

నేను నా యాంప్ పక్కన నిలబడి లావు తీగల మీద గట్టిగా ఒక వరస వాయించాను. దిటవుగా, గుండెలకి తగిలేలా వచ్చింది. బావ వైపు చూశాను.

"ఏదిరా?" అన్నాడు.

"ఏదేంటి?"

"డొల్లగా ఉంది. గింజ లేని తాలులా. ఎటు నుంచి వస్తోందో కూడా తెలీట్లేదు."

మళ్ళీ వాయించాను. ఇంకా గట్టిగా వాయించాను. కిటికీ రెక్కలు అదిరాయి. బావ తల అడ్డంగా ఊపాడు. నాకు సహనం తక్కువ, ఇంట్లో అందరికీ తెలుసు. "కిటికీ ఊగుతుంటే నీకు వినిపించడం లేదంటే తప్పు యాంప్‌ది కాదు బావా," అనేశాను.

అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాను. పడిపోయిన పక్క చూపు, వినికిడి లాంటివి సరిగ్గా తెలియకపోవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. బావకీ అదే గుర్తొచ్చినట్టుంది. కుడిచెయ్యి ఎత్తి చెవి తడుముకున్నాడు. "చెవి కూడానా," అన్నాడు, నాతో కాదు. కళ్ళు మూసుకున్నాడు.

వంటింట్లోకి వెళ్తే అక్క పొయ్యి కట్టేసి గట్టుకి ఆనుకుని నిలబడి ఉంది. "చెవులు కూడా పోయాయంటావా రా?" అంది. ఆస్పత్రిలో అన్నాళ్ళూ కంట తడి పెట్టని మనిషి కొంగు నోట్లో కుక్కుకుంది.

దుప్పటి మార్చాలని కాసేపటికి అక్కే బావని లేవదీసింది. ఇద్దరం పట్టుకుని, కుడి పక్క, ఆయన యాంప్ ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. నేను ఊరికే గిటారుని ఆయన ఒళ్ళో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. ఎడమ చెయ్యి చచ్చినట్టు పక్కన వేలాడుతోంది. కుడిచేత్తో, ఏ వేలూ నొక్కని ఒట్టి తీగల్ని పై నుంచి కిందికి ఒకసారి మీటాడు.

"ఒరేయ్! వినిపిస్తోందిరా!" అన్నాడు బావ. "ఇక్కడ నిండుగా ఉంది. నువ్వెళ్ళి నా మంచమ్మీద పడుకో."

పడుకున్నాను. ఆయన మీటాడు. శబ్దం ఉంది, కానీ అందులో ఏమీ లేదు. లావు తీగల బరువంతా ఎవరో చేత్తో ఎత్తుకుపోయినట్టుంది. ఎడమ నుంచో కుడి నుంచో కూడా చెప్పలేం, తల చుట్టూ ఎక్కడో గాల్లో తిరుగుతోంది. లేచి ఒక పక్కకి జరిగితే మళ్ళీ మామూలే. బావ చెవి లక్షణంగా ఉంది. తప్పంతా మధ్యలో ఉంది. పరిగెత్తుకెళ్ళి అక్కని గట్టిగా పట్టుకుని చెప్పాను. "పిచ్చివాడా, వదులు," అని కళ్ళు తుడుచుకుంది.

బావకి మళ్ళీ ఊపొచ్చింది. "టార్చి లైటులో సెల్లు తీసుకురా. యాంప్ ప్లగ్గులు పీకి, స్పీకరు వైర్లు విప్పి, సెల్లు తగిలించి చూడు," అన్నాడు. నా స్పీకరుకి తగిలిస్తే దాని అట్ట ముందుకి గెంతింది. బావ స్పీకరుకి అదే సెల్లు అలాగే తగిలిస్తే అట్ట వెనక్కి ముడుచుకుంది. అంటే నాది గాలిని ముందుకి తోసినప్పుడల్లా బావది వెనక్కి లాగుతోంది. రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. ఆ చోట్లోనే మనిషి పడుకుని ఉన్నాడు.

"ఆ స్పీకరు మార్చింది నేనే," అన్నాడు బావ. "ఎప్పుడో అట్ట చిరిగితే కొత్తది బిగించి, వైర్లు తిరగేసి అతికించినట్టున్నాను. ఇద్దరం వేరేవేరేగా వాయించేవాళ్ళం కాబట్టి తేడా తెలియలేదు." కాసేపు ఆలోచించి నవ్వాడు. "ఇన్నేళ్ళూ నువ్వు తోస్తుంటే నేను లాగుతున్నానన్నమాట."

"మా అక్కని చేసుకున్నప్పటి నుంచీ నీది అదే పని," అన్నాను.

వైర్లు అటుది ఇటు చేసి, ఈసారి అతికించకుండా క్లిప్పులు పెట్టాను. బావని మళ్ళీ మంచం మీద పడుకోబెట్టి, పెడల్ నొక్కి, ఎప్పుడూ ఆయన వాయించే పాట ఒకటి వాయించాను. అబ్బ, ఏం నిండుదనం! హాలు అటు గోడ నుంచి ఇటు గోడ దాకా శబ్దంతో నిండిపోయింది. ఇద్దరు మనుషులే. అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి, అలవాటు కొద్దీ, ఇద్దరి కోసం చూసింది. ఆ చూపు బావ చూశాడు. నేనూ చూశాను.

పాట అయిపోయింది. బావ పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు.

"ఇందులో నేనెవర్ని?" అన్నాడు.

"ఆ కుడి పక్కది నువ్వే బావా."

"అదా? కాస్త ఆలస్యంగా వస్తోంది," అన్నాడు. "బావుందిరా. తీసుకెళ్ళు."

హోటల్లో అరుగు మీద యాంప్‌లు రెండూ ఎప్పటి చోట్లోనే పెట్టాను. బావ కుర్చీ కూడా, అట్టముక్కతో సహా, ఎప్పటి చోట్లోనే. ఖాళీ కుర్చీ వెనక యాంప్ మోగుతుంటే ఎవరో ఒకరు ఆగకపోతారా, ఆ రెండో ఆయనేరీ అని అడగకపోతారా అనుకున్నాను. ఎన్నేళ్ళ నుంచో వారం వారం వచ్చే ముసలి దంపతులు ఉన్నారు. బావ వాళ్ళని చూడగానే వాళ్ళకిష్టమైన పాట ఎత్తుకునేవాడు. వాళ్ళొచ్చారు. నేను ఆ పాటే వాయించాను. ఆయన సూపు చల్లారిందని సర్వర్ని కేకేశాడు.

"ఎవరైనా అడిగారా?" అనేవాడు బావ, పొద్దున్నే నేను కాఫీకి వెళ్ళగానే. మొదట్లో ఆత్రంగా అడిగేవాడు. తర్వాత కాఫీ గ్లాసు వైపు చూస్తూ అడిగేవాడు.

"జనం తిండి గోలలో ఉంటారు బావా, నీకు తెలీనిదేముంది," అనేవాణ్ణి.

"కుర్చీ ఉందా?"

"ఉంది."

ఉండేది. ఒక సాయంత్రం పెద్ద కుటుంబం వచ్చింది, ఒక కుర్చీ తక్కువైంది. సర్వరు వచ్చి నేను వాయిస్తుండగానే బావ కుర్చీ ఎత్తుకుపోయాడు. వాళ్ళు తిని వెళ్ళాక కూడా అది తిరిగి రాలేదు. అట్టముక్క అరుగు మీద పడి ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాను. "ఆ కుర్చీ ఎవరిదో తెలుసా మీకు?" అని అరిచాను.

"హోటల్‌ది," అన్నాడు మేనేజరు. కోపంగా కూడా అనలేదు. "ఖాళీగా ఉంటే చూడ్డానికి బావుండదు మాస్టారూ. శబ్దం నిండుగా ఉందిగా, ఇంకేం కావాలి మీకు?"

ఇంకొకడు ఆ కుర్చీలో కూర్చోకూడదనే కదా ఇదంతా చేశాను. ఇప్పుడు కూర్చోడానికి కుర్చీయే లేదు. నా చేతులతో నేనే ఆయన చోటు పూడ్చేశాను, అదీ ఆయన చేతే పని చెప్పించుకుని. నన్ను చెప్పుతో కొట్టాలి.

మర్నాడు బావ అడిగితే, "ఉంది," అన్నాను. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాడిలా నా మొహం చదివేస్తాడు ఆయన. కాఫీ సగం తాగి పక్కన పెట్టాడు.

"ఒరేయ్, ఒక పని చేస్తావా? నా స్పీకరు వైర్లు మళ్ళీ తిరగెయ్యి," అన్నాడు.

"ఎందుకు?"

"మధ్యలో డొల్ల పడుతుంది. ఎవరికో ఒకరికి తెలుస్తుంది. ఏదో తగ్గిందని అనిపిస్తుంది. అనిపిస్తే తల ఎత్తుతారు. ఎత్తితే అడుగుతారు." ముద్ద మాటతోనే గబగబా చెప్పాడు. చిన్నపిల్లాడిలా నా చొక్కా అంచు పట్టుకున్నాడు. "ఒక్కసారిరా."

ఆ సాయంత్రం జనం రాకముందే క్లిప్పులు తీసి అటుది ఇటు పెట్టాను. అరుగుకి ఎదురుగా, సరిగ్గా మధ్యలో, హోటల్ మొత్తం మీద మంచి టేబులు ఉంది. అక్కడ భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. నేను వాయిస్తూ వాళ్ళ మొహాలే చూశాను. బావ పాటలన్నీ వరసగా వాయించాను. వణుకు తగ్గించి వాయించాను. లావు తీగలు కసిగా వాయించాను. వాళ్ళ దగ్గర ఏమీ మిగలదని నాకు తెలుసు, ఆ మంచం మీద పడుకున్నవాణ్ణి కదా. ఎత్తండిరా తల, ఎత్తండి, ఒక్కళ్ళెవరైనా ఎత్తండి అని లోపల మొత్తుకున్నాను. చిన్నది చెంచాతో గ్లాసు మీద టంగుటంగున కొట్టుకుంటూ కూర్చుంది. వాళ్ళు తినేసి, మూతులు తుడుచుకుని వెళ్ళిపోయారు.

సర్దుకుంటుంటే మేనేజరు తనంతట తానే అరుగు దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, ఏం మార్చారు?" అన్నాడు.

"ఏం, తేడాగా ఉందా?" అన్నాను ఆశగా.

"చాలా బావుంది. మధ్య టేబుళ్ళవాళ్ళు హాయిగా మాట్లాడుకుంటున్నారు. రోజూ ఇలాగే ఉంచండి," అన్నాడు.

ఈ మాట బావకి ఎలా చెప్పను? ఇంటికి వెళ్ళే దారంతా ఒక అబద్ధం కట్టుకున్నాను. పొద్దున్న కాఫీ గ్లాసు అందుకుంటూ, ఆయన అడగకముందే మొదలుపెట్టాను.

"అడిగారు బావా! నువ్వన్నట్టే అయింది. మధ్య టేబులాయన. తింటున్నవాడల్లా ఆగిపోయాడు. ఏదో తగ్గిందేంటండీ, రెండో ఆయన రాలేదా అన్నాడు."

బావ కళ్ళు వెలిగాయి. అక్క వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"తల ఎత్తి చూశాడా?"

"ఎందుకు చూడడు?"

"ఎటు చూశాడు?"

"నీ యాంప్ వైపే. సరిగ్గా నీ వైపే చూశాడు బావా," అన్నాను. ఆ ఊపులో అక్కడే ఆగలేకపోయాను.

బావ చాలాసేపు నా వైపు చూశాడు. ఆ వెలుగు కాసేపు అలాగే ఉండి ఆరిపోయింది.

"మధ్యలో కూర్చున్నవాడికి అది ఎటు నుంచి వస్తుందో తెలీదురా," అన్నాడు మెల్లగా. "నేను పడుకుని విన్నానుగా."

హాల్లో యాంప్‌లు పెట్టిన చోట నేల మీద మరకలు పడ్డ నలుచదరాలు రెండు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. బావ కుడిచేత్తో ఎడమ చేతిని ఎత్తి, పొట్ట మీద పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసుకున్నాడు.

"వైర్లు మామూలుగా పెట్టెయ్యి. నీ వాయింపుకి అన్యాయం," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "ఈ మంచం లోపల వేయించవే. అందరూ మోకాళ్ళు కొట్టుకుంటున్నారు."

నేను అక్క వైపు చూశాను. తిట్టు, కేకలెయ్యి, ఏదో ఒకటి అను అని కళ్ళతోనే బతిమాలుకున్నాను. అక్క ఈసారి తలుపుకి అడ్డంగా నిలబడలేదు. వచ్చి బావ తల కింద చెయ్యి పెట్టి, తలగడ తీసుకుని, తనే ముందు లోపలి గదిలోకి వెళ్ళింది.